తొడిమలు తీసే చేతులు

నాకు పిల్లులంటే పడదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ దీనమ్మది జాలిగుండె అని ఊరంతా చాటకూడదు. ఆ పిల్లి నేను పిలిస్తే రాలేదు. పోయిన వానాకాలంలో చూరు కింద తడుస్తూ నిలబడింది. ఛీ పొమ్మన్నాను, పోలేదు. మర్నాడు చేప తలకాయ పారేస్తే తినేసి, ఇల్లు రాసిచ్చినట్టు గుమ్మంలో కూర్చుంది. ఇక అంతే. దానికి పేరు కూడా పెట్టలేదు. "ఏమే" అంటే వస్తుంది. రోజు మొత్తంలో ఇంట్లో నేను నోరు తెరిచి అన్న మాట అదొక్కటే అయిన రోజులు చాలా ఉన్నాయి.

మాది గుంటూరు మిరప యార్డుకి రెండు మైళ్ల అవతల ఒక కాలనీ. ఒకే గోడకి అటూ ఇటూ రెండేసి గదుల ఇళ్లు. ముప్పై ఏళ్లుగా నేను మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డు, అందులో ఎర్రటి కుప్పలు, కుప్పల చుట్టూ ముక్కుకి గుడ్డలు కట్టుకుని మేం నలభై మంది ఆడవాళ్లం. కాయ తీసుకో, తొడిమ తుంచు, రంగు పోయిన తాలుకాయ అయితే పక్కన పడెయ్. అదే పని, పొద్దున ఏడింటి నుంచి. నా చేతి వేగం చూసి మా మేస్త్రి యలమంద, దీనమ్మ వేళ్లకి కళ్లున్నాయంటాడు. నా నోటికి మాత్రం జడుస్తాడు. అందరూ జడుస్తారు. నా మొగుడు అంకయ్య బతికున్నప్పుడు, ఈ ఇంట్లో కారం కొనక్కర్లేదు, దీని మాటొక్కటి కూరలో వేస్తే చాలు అనేవాడు. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఇప్పుడు ఆ మాట అని వెక్కిరించేవాళ్లు కూడా లేరు.

మార్చి మొదట్లో పిల్లి ఈనింది. ఎక్కడా చోటు లేనట్టు నా మంచం కిందే, పాత చీరలు వేసిన గంపలో. మూడు పిల్లలు. రెండింటికి తల్లిలాగే బూడిదరంగు చారలు, ఒకటి నల్లది. నీకు నా మంచమే దొరికిందా అని శాపనార్థాలు పెట్టాను. పెట్టి, తడిసిన చీరలు తీసేసి, దిండు కుట్టించుకుందామని దాచుకున్న దూది పరిచి దాని మీద మెత్తటి పంచె వేశాను. దిండుదేముంది, వచ్చే ఏడు కుట్టించుకోవచ్చు.

ఆరో రోజు, మంగళవారం, పని నుంచి వచ్చేసరికి గంపలో పిల్లలు గోల పెడుతున్నాయి. తల్లి గుమ్మం దగ్గర పక్కకి ఒరిగి పడుకుని ఉంది. పెట్టిన అన్నం ముట్టలేదు. పొట్ట కేసి చూస్తే రెండు చన్నులు రాళ్లలా గట్టిపడి, ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మీద చెయ్యి పెట్టకుండానే వేడి తెలుస్తోంది. నల్లదాన్ని పంచెతో సహా ఎత్తి తెచ్చి దగ్గర పడుకోబెడితే, అది నోరు పెట్టీ పెట్టకముందే వెనక కాలితో తోసేసింది. చెడ్డతల్లివి అని ఒక మాట అనబోయి ఆగిపోయాను. అది చెడ్డతనం కాదు. ఆ నొప్పి నాకు తెలుసు.

నాకూ కట్టాయి అలాంటి గడ్డలు, ఇరవై మూడేళ్ల వయసులో. నా బిడ్డ తొమ్మిది రోజులు బతికింది. బిడ్డ పోయిన సంగతి పాలకి తెలియదు కదా, అవి వస్తూనే ఉన్నాయి. పాలు ఎండిపోవాలని మా అత్త మల్లెపూలు తెప్పించి రొమ్ములకి కట్టింది. నాలుగు రోజులకి ఎండిపోయాయి. ఆ తర్వాత నేను మల్లెపూలు పెట్టుకోలేదు. అంకయ్య మొదట్లో తెచ్చేవాడు, తర్వాత తనే మానేశాడు. నాకు మళ్లీ కడుపు పండలేదు.

దీని పిల్లలు బతికే ఉన్నాయి, మూడూ. ఇంకా కళ్లు తెరవలేదు, తల్లి పాలు తప్ప వాటికి దిక్కులేదు. అవి బతికుండగా ఆ పాలు చెడిపోతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు.

బుధవారం పొద్దున్నే పనికి నాగా పెట్టి, దాన్ని వైరు బుట్టలో కూర్చోబెట్టి, మీద తువ్వాలు కప్పి పశువుల ఆసుపత్రికి పోయాను. అక్కడన్నీ గేదెలు, రెండు ఆవులు. బుట్టలోంచి మ్యావ్ అన్నది విని ఒక రైతు నవ్వి, పిల్లి పాలు కూడా కేంద్రానికి పోస్తున్నావా ఏందమ్మా అన్నాడు. ముందు నీ గేదె తోక నా మొహానికి తగలకుండా చూసుకో, తర్వాత నా పిల్లి సంగతి చూద్దువుగాని అన్నాను. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

డాక్టరు చిన్నపిల్ల, బిందుమాధవి అని బోర్డు మీద ఉంది. ఆవిడ నవ్వలేదు. గేదెలకొచ్చే పొదుగువాపే ఇది, పిల్లులకీ వస్తుందని చెప్పింది. ఇంజెక్షను చేసి చుక్కల మందు ఇచ్చింది. రోజుకి మూడుసార్లు గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెట్టాలట. తర్వాత వేళ్లకి కాస్త కొబ్బరినూనె రాసుకుని మెల్లగా నిమురుతూ లోపల నిలవున్న చెడ్డ పాలు బయటికి తీయాలట. బాగున్న చన్నుల దగ్గర పిల్లల్ని తాగనివ్వాలట. ఆలస్యమై చీము పడితే కోయాల్సి వస్తుంది, తల్లి దక్కడం కష్టం, తల్లి పోతే ఈ వయసు పిల్లలు నిలవవు అంది. అన్నీ విప్పి చెప్పింది. నేనేం పని చేస్తానో మాత్రం అడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు.

ఇంటికొచ్చి మొదటి కాపడం పెట్టాను. గుడ్డతోనే కాబట్టి ఓర్చుకుంది, కళ్లు మూసుకుని చిన్నగా గురగురమంది కూడా. పది గంటలకి యలమంద ఫోను చేశాడు. సాయంత్రానికి లారీ ఎత్తాలి, మనుషులు చాల్లేదు, ఒక్క పూట రమ్మని బతిమాలాడు. కాపడం పెట్టేశాను కదా అని పోయాను. నాలుగున్నరకి తిరిగొచ్చి, రోజూ కడుక్కున్నట్టే సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. కాపడం పెట్టాను. వేళ్లకి కొబ్బరినూనె రాసుకుని, ఆ గట్టిపడ్డ చోట ఒక్కసారి, రెండుసార్లు, మూడుసార్లు నిమిరాను.

నాలుగోసారికి అది అరిచిన అరుపు నేను పిల్లి నోట ఎప్పుడూ వినలేదు. నా మణికట్టు మీద నాలుగు గీతలు గీసి, బిందెలు దొర్లించుకుంటూ గోడెక్కి, అవతల షమా వాళ్ల పెరట్లోకి దూకింది.

ఉపకారానికి పోతే అపకారం ఎదురైందని ఊరికే అన్నారా. గోడ దగ్గర నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. మాటలైపోయాక గంపలోంచి పిల్లల ఏడుపు వినబడింది. వీధి చివర మేకలవాళ్ల దగ్గర పాలు తెచ్చి గోరువెచ్చగా చేశాను. కాస్త దూది తీసి వత్తిగా నలిపి, పాలలో ముంచి నల్లదాని నోట్లో పెట్టాను. ఒకసారి చప్పరించింది. రెండోసారి చప్పరించి తల విదిలించింది. నోరు తెరిచి ఉంది కానీ ఏడుపు రావడం లేదు. గోళ్లు కూడా సరిగా రాని కాళ్లతో మూతి రుద్దుకుంటోంది.

పాలు వేడిగా లేవు. దూది కొత్తది. ఆ వత్తి నలిపింది నా వేళ్లు.

వేలు నాలుక మీద పెట్టుకుని చూశాను. ఏమీ లేదు. గంజిలోకి పచ్చిమిరపకాయ నంజుకునే నాలుక, దానికేం తెలుస్తుంది. కంటిరెప్ప మీద పెట్టుకున్నాను. నీళ్లొచ్చాయి, కానీ అవి షెడ్డు నుంచి వచ్చినప్పుడు రోజూ వచ్చేవే. ముప్పై ఏళ్లకి నా చర్మం మొద్దుబారిపోయింది. నా చేతుల్లో మంట ఉందో లేదో నాకు తెలిసే దారి లేదు.

నాకు తెలియని సంగతా ఇది? మా షెడ్డుకి బాలింతలు వస్తారు. మధ్యాహ్నం వాళ్ల అమ్మలో అత్తలో పసిబిడ్డని తెస్తారు. అప్పుడు బాలింత చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంటుంది. బిడ్డని ముట్టుకోదు. పెద్దామే రవికె తప్పించి, బిడ్డని పట్టుకుని పాలు తాగిస్తుంది. తాగినంతసేపూ తల్లి తలొక్కటే వంచి చూసుకుంటుంది. కొత్తగా వచ్చిన పిల్లలకి ఆ కట్టుబాటు నేర్పేది నేనే. సబ్బుకి పోదే, పెరుగు రాయి, ఆముదం రాయి, అయినా గోళ్ల సందుల్లో ఉంటుంది, చేతులు వెనక్కి పెట్టు అని గదమాయించేది నేనే. అందరికీ చెప్పేదాన్ని, నా ఇంట్లో మర్చిపోయాను. మర్చిపోక ఏం చేస్తాను. నేను ముట్టుకోవడానికి ఈ ఇంట్లో ఎవరున్నారు. పదకొండేళ్లుగా ఈ చేతులు కాయల్ని, చీపురుని, గిన్నెల్ని తప్ప దేన్నీ ముట్టుకోలేదు. నీ చెయ్యి మండుతోంది తియ్యి అనే మనిషి ఒకరుంటే తెలిసుండేది.

ఆ మాట అనుకున్నాక, అది నిజం కాదని గుర్తొచ్చింది. ఎందుకంటే ముట్టుకున్నాను. పదకొండేళ్లలో ఒక్కసారి.

గోడకి అవతల ఉండే షమా జాకెట్లు కుడుతుంది. భర్త జాన్ బాషా లారీ డ్రైవరు, వారానికోసారి ఇంటికొస్తాడు. రెండేళ్ల కిందటి దాకా ఆ అమ్మాయి నన్ను పిన్నీ పిన్నీ అని పిలిచేది. రంజానుకి సేమియా పంపేది, క్రిస్మసుకి నేను అరిసెలు పంపేదాన్ని. షమాకి కాన్పైన పదిహేనో రోజు నేను షెడ్డు నుంచి తిన్నగా వాళ్లింటికి పోయి, ఉయ్యాల్లోంచి పాపని ఎత్తుకున్నాను. మంచం మీంచి షమా, పిన్నీ చేతులు కడుక్కుని ఎత్తుకోకూడదా అంది. అప్పటికే నా బొటనవేలితో పాప మూతి తుడిచాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. షమా లేచి వచ్చి నా చేతుల్లోంచి లాక్కుంది.

నేను మండిపోయాను. చిన్నప్పుడు మా అమ్మతో పత్తి తీతకి పోతే, ఆసామి ఇంట్లో మాకు చెయ్యి తగలకుండా పైనుంచి దోసిట్లోకి మంచినీళ్లు పోసేవాళ్లు. నా చేతుల గురించి ఎవరేమన్నా నాకు ఆ దోసిలే గుర్తొస్తుంది. మీరు కూడా మమ్మల్ని అంటరానివాళ్లలా చూడ్డం మొదలెట్టారా అని అడిగాను. అంతటితో ఆగలేదు. బాలింత అని కూడా చూడకుండా మూడు వీధులకి వినపడేలా అరిచాను. ఆ రోజు నుంచి ఒక్క మాట లేదు. వాళ్ల సేమియా గిన్నె ఇప్పటికీ నా అలమరలో ఉంది.

ఆ గిన్నె కింద కూర్చుని చేతులకి పెరుగు రాసి కడిగాను, ఆముదం రాసి కడిగాను, మళ్లీ పెరుగు. పోయిందో లేదో దేవుడికే తెలియాలి. తల్లి అవతల ఉంది, పిల్లలు ఇవతల ఉన్నాయి. మధ్యలో ఉన్న గోడ కట్టిందెవరో నాకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోతున్నాను, కానీ నల్లది ఏడవడం కూడా మానేసింది. గిన్నె దించాను. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా, మిగిలిన మేకపాలు పోశాను. గంప చంకలో పెట్టుకుని, పిల్లలకి చెయ్యి తగలకుండా అంచు పట్టుకుని, రెండేళ్ల తర్వాత ఆ గుమ్మం ముందు నిలబడ్డాను.

షమా తలుపు తీసింది. వెనక కుచ్చెళ్ల గౌను వేసుకుని పాప నిలబడి ఉంది, సనా. నన్ను చూసి తల్లి వెనక్కి నక్కింది.

"ఆ రోజు పాప ఏడ్చింది నా చేతులకే" అన్నాను.

"తెలుసు పిన్నీ" అంది షమా. "మూతంతా వాచిపోయింది. చెపుదామని రెండుసార్లు నీ గుమ్మం దాకా వచ్చా. నీ నోటికి భయపడి ఎనక్కొచ్చేశా."

"అప్పుడు నీ పిల్లకి చేసిందే ఇయ్యాల పిల్లికీ చేశా. నేను ముట్టుకోకూడదు. నువ్వొచ్చి దాని పాలు తియ్యవే."

అడగడం నాకు చేతకాదు, అందుకే అది కూడా కసిరినట్టే వచ్చింది. షమా గంప అందుకుని లోపలికి పోయింది.

పిల్లి కుట్టుమిషను కింద గుడ్డపేలికల్లో ముడుచుకుని ఉంది. నోటి వెంట చొంగ కారుతోంది. నా గొంతు వినగానే చెవులు వెనక్కి వాల్చింది. నేను గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుని కూర్చుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను. షమా దాని పొట్టకి పెరుగు రాసి, గోరువెచ్చటి గుడ్డతో తుడిచి, మళ్లీ రాసి తుడిచింది. అది తేరుకున్నాక కాపడం పెట్టింది. నేను కూర్చున్నచోటి నుంచి చెబుతూ ఉన్నాను. నొక్కొద్దు, నిమురు. మొదలు నుంచి కొసకి. అదిగో అక్కడ గట్టిగా ఉంది చూడు, అక్కడ ఇంకా నెమ్మదిగా. చాలాసేపటికి పచ్చటి పాలు చిక్కగా, ముద్దలుగా వచ్చాయి. పిల్లి మూలిగింది కానీ కదల్లేదు. మిగతా చన్నుల దగ్గర షమా పిల్లల్ని ఒక్కొక్కటే పెట్టింది. నల్లది అన్నిటికన్నా ఆఖరున పట్టుకుంది. పట్టుకున్నాక వదల్లేదు.

నేను పనికి పోనని యలమందకి చెప్పేశాను. సీజన్లో ఇదేం చోద్యం, పిల్లికి పురుడు పోస్తున్నావా అన్నాడు. అవునన్నాను. గురువారం నుంచి మూడుపూటలా షమా వాళ్ల గుమ్మంలో చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చోవడమే నా పని. పిల్లి నా ఇంటికి రాలేదు. ఏమే అంటే చెవి కూడా తిప్పలేదు. అది ఒకటి మాత్రం నాకు గట్టిగా తగిలింది. ఇంటికి పోయి మంచం మీద పడుకుంటే కింద గంప ఉండే చోటు ఖాళీగా ఉండేది. ఎన్నో ఏళ్లుగా ఖాళీగా ఉన్న చోటే, వారం రోజులకే ఎందుకంత అలవాటైందో తెలియదు.

నా చేతుల మంట పోయిందో లేదో చూడడానికి షమా ఒక దారి కనిపెట్టింది. ప్రతి సాయంత్రం నా వేళ్లు పట్టుకుని తన చెంప మీద, కంటి కిందగా ఆనించుకునేది. గురువారం ఆనించీ ఆనించకముందే వదిలేసి, ఉంది పిన్నీ అని మొహం కడుక్కోవడానికి పరిగెత్తింది. శుక్రవారం, ఇంకా ఉంది అంది. శనివారం కొంచెం ఉంది అంది. లోపల్లోపల నేను సాయంత్రం కోసం ఎదురు చూసేదాన్ని. చర్చిలో కూడా మనుషులు దూరం నుంచి వందనాలు అంటారు, అంతే. అంకయ్య పోయాక నా చెయ్యి పట్టుకున్న మనిషి లేడు. మంట ఇంకో రెండు రోజులుంటే బాగుండని కూడా ఒకసారి అనుకున్నాను. పాపిష్ఠిదాన్ని, పిల్లి సంగతి మర్చిపోయి.

ఆదివారం నాటికి వాపు దిగింది. పాలు తెల్లగా వస్తున్నాయి. నల్లదానికి ఒక కన్ను తెరుచుకుంది, ఒకటే. ఆ ఒంటికన్నుతోనే ప్రపంచమంతా చూసేస్తోంది. చర్చి నుంచి వచ్చి, మధ్యాహ్నమంతా చేతులకి ఆముదం పట్టించి, సాయంత్రం వాళ్లింటికి పోయాను. షమా నా వేళ్లు చెంపకి ఆనించుకుని చాలాసేపు అలాగే ఉంది.

"లేదు పిన్నీ" అంది.

పిల్లి దగ్గరికి పోయి వేళ్లు చాపాను. వాసన చూసింది. వెనక్కి జరిగింది. మళ్లీ చూసింది. తర్వాత తల తెచ్చి నా అరచేతిలో పెట్టింది. దాని పొట్ట నేనే నిమిరాను, ఆ రెండు చోట్లా మెత్తగా ఉంది. తెల్లటి చుక్క నా వేలి మీద పడింది.

యలమంద ఇంక ఊరుకోడు, సోమవారం వస్తానని మాట ఇచ్చేశాను. రేపు ఏడింటికి మళ్లీ ఆ కుప్పల ముందు కూర్చోవాలి. ఆ మాటే షమాతో చెప్పాను. ఆ అమ్మాయి లోపలికి పోయి, నిద్రపోతున్న సనాని భుజాన వేసుకుని వచ్చింది. కూర్చో పిన్నీ అంది. కూర్చున్నాను. అలవాటుకొద్దీ చేతులు వెనక్కి పోయాయి.

"చేతులు ముందుకు పెట్టు. ఇయ్యాలే కదా, రేపట్నుంచి మళ్లా కాయల్లోకి పోతావ్" అని పాపని నా ఒళ్లో పడుకోబెట్టింది.

రెండేళ్ల పిల్ల, బరువుగా ఉంది. నిద్రలోనే ఇటు తిరిగి, తడుముకుని, నా బొటనవేలు దొరికించుకుంది. దొరికించుకుని నోటి దగ్గరికి లాక్కుంది. అదే వేలు. వెనక్కి లాగబోయాను. షమా నా మణికట్టు పట్టుకుని, ఉండనీ పిన్నీ అంది.

పాప వేలు నోట్లో పెట్టుకుంది. నేను దాని మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. ఒకసారి చప్పరించింది. రెండోసారి చప్పరించింది. ఏడవలేదు. చీకటి పడి షమా లైటు వేసేదాకా నేను కదల్లేదు.